ఒకే నంబరు, రెండు గడపలు



గత సంచికలో ఇన్వర్టర్ బ్యాటరీల సంరక్షణ గురించి ముచ్చటించుకున్నాం. దాని రెండవ భాగాన్ని ఒక నెల వెనక్కి జరుపుతున్నాను. అంతవరకు బ్యాటరీలో నీళ్ళు చూసుకోవడం మాత్రం మానవద్దు. ఈ మార్పుకు కారణం మన శిక్షణ కేంద్రంలోని మిత్రులొకరు పంపిన ప్రశ్న. "ఒకే హాలులో రెండు కంప్యూటర్లకు రెండు కొత్త బ్లూటూత్ డాంగిళ్ళు అమర్చాం. విడివిడిగా పరీక్షిస్తే రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. రెండింటినీ ఒకేసారి నడిపితే కీబోర్డులు మొరాయిస్తున్నాయి. లోపం డాంగిల్‌లోనా, కీబోర్డులోనా, కంప్యూటర్‌లోనా?" అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్న చదవగానే 2022లో మన టౌన్‌షిప్‌లోనే జరిగిన ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. ఇదే లోపం మూలంగా అప్పట్లో రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. ఒక కుర్రవాడి అప్రెంటిస్‌షిప్పు పోయేంత వరకు వ్యవహారం వెళ్ళింది. ఆ రోజుల్లో దీన్ని రాయడం భావ్యం కాదనిపించి ఊరుకున్నాను. ఇప్పుడు ఉభయులనూ అడిగి, వారి అనుమతితో, పేర్లు చెప్పకుండా రాస్తున్నాను.

మన జంట క్వార్టర్ల సంగతి అందరికీ విదితమే. ఇటువైపు పోపు వేస్తే అటువైపు తుమ్ములు వస్తాయి. అటువంటి జంటలో ఒక ఇంట్లో స్టోర్సు విభాగపు ఉద్యోగి ఒకరు, ఆయన భార్య, ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న కుమార్తె ఉండేవారు. గోడకు అవతల ఒక ఫిట్టరు గారి కుటుంబం. వారి అబ్బాయి ఐ.టి.ఐ. పూర్తిచేసి మన వర్క్‌షాపులోనే అప్రెంటిస్‌గా చేరాడు. కంప్యూటర్లంటే ఆసక్తి గలవాడు కావడం వల్ల ఆ వరుసలో ఎవరి ఇంట్లో ప్రింటరు మొరాయించినా వాడికే కబురు వెళ్ళేది.

అమ్మాయికి ఆమె మేనమామ ఒక బ్లూటూత్ కీబోర్డు కానుకగా ఇచ్చారు. ఇంట్లోని కంప్యూటరు పాతది, దానిలో బ్లూటూత్ లేదు. యు.ఎస్.బి. రంధ్రంలో గుచ్చే డాంగిల్ ఒకటి కొంటే సరిపోతుందని అబ్బాయి చెప్పాడు. ఒక ఆదివారం ఊళ్ళోకి వెళ్ళి ఒకే దుకాణంలో రెండు డాంగిళ్ళు కొన్నాడు, ఒకటి వారికి, ఒకటి తన స్పీకరు కోసం తనకు. ఆ కీబోర్డును ముందుగా తన కంప్యూటరుతో జత చేసి, అన్ని అక్షరాలూ పడుతున్నాయని చూసుకుని, ఆ తరువాత పక్కింటికి తీసుకువెళ్ళి అక్కడ జత చేసి ఇచ్చాడు. ఈ చిన్న వివరాన్ని దయచేసి గుర్తుంచుకోండి. మొత్తం కథ దీని చుట్టూనే తిరుగుతుంది.

నాలుగైదు రోజుల తరువాత చిక్కు మొదలయింది. పగలు కీబోర్డు నిక్షేపంగా పనిచేసేది. సాయంత్రం ఆరు దాటాక, అమ్మాయి కాఫీకో భోజనానికో లేచి వెళ్ళి తిరిగి వచ్చి కూర్చుంటే ఒక్క అక్షరం పడేది కాదు. సెల్స్ మార్చారు. మళ్ళీ కొత్తగా జత చేస్తే పనిచేసేది. గంట గడిచాక మళ్ళీ మొదటికే వచ్చేది. ఇలా పది రోజులు గడిచాక ఆ ఇంటి ఇల్లాలు ఒక విషయం కనిపెట్టారు. గోడ అవతల కుర్రవాడి స్పీకరులో పాట మొదలైతే ఇవతల కీబోర్డు మూగబోతున్నది! పాట ఆగిపోయిన రాత్రుల్లో ఏ ఇబ్బందీ లేదు. నిజానికి ఇది చాలా చక్కటి పరిశీలన. ఇటువంటి కన్ను మా మెయింటెనెన్సు విభాగంలో నలుగురికి ఉంటే బ్రేక్‌డౌన్లు సగానికి తగ్గుతాయి. కాని పరిశీలన సరైనదైనా దాని నుండి తీసిన భావం వేరయింది. "వాడే ఏదో చేస్తున్నాడు" అని వారు నిశ్చయించుకున్నారు.

స్టోర్సు మిత్రులు తమకు తెలిసిన ఒక కంప్యూటరు నిపుణుణ్ణి వెంటబెట్టుకుని అబ్బాయి ఇంటికి వెళ్ళారు. అబ్బాయి తన కంప్యూటరును దాపరికం లేకుండా చూపించాడు. ఆ నిపుణుడు విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే, పక్కింటి కీబోర్డు యొక్క చిరునామా అక్కడ డజన్ల కొద్దీ సార్లు, తేదీలతో, గంటలతో సహా నమోదై ఉంది. ఇంకేం కావాలి? అమ్మాయి తండ్రి బ్యాంకు వ్యవహారాలన్నీ ఆ కీబోర్డు మీదనే చేసేవారు. తాను కొట్టిన ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డును కూడా, ఈ కుర్రవాడు గోడ అవతల కూర్చుని పట్టుకుంటున్నాడని ఆయన భయపడ్డారు. అప్రెంటిస్ శిక్షణాధికారికి ఒకటి, టౌన్‌షిప్ భద్రతా విభాగానికి ఒకటి, రెండు ఫిర్యాదు లేఖలు సిద్ధమయ్యాయి.

శనివారం రాత్రి కుర్రవాడి తల్లి మా ఇంటికి వచ్చారు. "అన్నయ్యగారూ, మావాడు తప్పు చేసి ఉంటే మీరే శిక్షించండి. చేయకపోతే మాత్రం ఆ కాగితం సోమవారం ఆఫీసుకు వెళ్ళకుండా చూడండి" అన్నారు. తప్పు చేశాడో లేదో నాకూ తెలియదు. మరునాడు ఉదయం వస్తానని మాత్రం చెప్పాను.

నిజం చెప్పాలంటే మొదటి గంటసేపు నేనూ తప్పుదారినే పోయాను. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. పైగా యు.ఎస్.బి. 3.0 రంధ్రాల నుండి వెలువడే విద్యుత్ రొద కూడా ఆ ప్రాంతంలోనే పడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. కనుక డాంగిల్‌ను ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో కంప్యూటరుకు దూరంగా జరిపాను. వైఫై చానల్ మార్చాను. ఇవి మంచి అలవాట్లే గాని ఈ రోగానికి మందు కాలేదు.

అప్పుడు మా విభాగంలో చేసే పద్ధతినే అనుసరించాను. ఊహించడం మాని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముందుగా, పక్కింట్లో పాట సాగుతుండగా అమ్మాయిని అరగంటసేపు ఆపకుండా టైపు చేయమన్నాను. ఒక్క అక్షరం తప్పిపోలేదు. అంటే ఒకసారి కుదిరిన సంబంధానికి ఢోకా లేదు. తరువాత కీబోర్డును నిద్రపోనిచ్చి, మీట నొక్కి లేపడం పదిసార్లు చేశాం. కుర్రవాడి కంప్యూటరు ఆపి ఉంచితే పదికి పదిసార్లు లేచింది. నడుస్తూ ఉంటే నాలుగుసార్లే లేచింది. రొద వల్ల వచ్చే లోపమైతే టైపు చేస్తుండగా కూడా రావాలి. ఇది నిద్ర లేచి తన కంప్యూటరును వెతుక్కునే క్షణంలో మాత్రమే వస్తున్నది. వెతుక్కోవడం అంటే చిరునామా పట్టుకుని పిలవడం. కనుక చిరునామాలు చూడాలి.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బ్లూటూత్ శీర్షిక కింద ఉన్న డాంగిల్ పేరు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే పుటకు వెళితే అక్కడ డాంగిల్ చిరునామా కనిపిస్తుంది. పన్నెండు అంకెలు, వాటిలో కొన్ని ఎ నుండి ఎఫ్ వరకు గల ఇంగ్లీషు అక్షరాలు. రెండు ఇళ్ళలోనూ చూసి రెండు కాగితాల మీద రాయించాను. అమ్మాయి ఒకటి పైకి చదువుతుంటే నేను రెండవ దాని మీద టిక్కులు పెడుతూ వచ్చాను. చివర డిఎ, 71, 13. పన్నెండుకు పన్నెండు టిక్కులూ పడ్డాయి.

"రెండూ ఒకే కంపెనీ సరుకు కదండీ, నంబరు ఒకటే ఉండదా?" అన్నారు స్టోర్సు మిత్రులు. సహజమైన ప్రశ్నే. ఆయన భాషలోనే జవాబు చెప్పాను. వంద బేరింగులు వస్తే వందకూ పార్టు నంబరు ఒకటే ఉంటుంది. అదే ఎనర్జీ మీటర్లు వస్తే ప్రతి మీటరుకూ సీరియల్ నంబరు వేరుగా ఉండాలి. రెండు మీటర్లకు ఒకే సీరియల్ నంబరు ఉంటే మీరు రసీదు మీద సంతకం పెడతారా? బ్లూటూత్ చిరునామా పార్టు నంబరు కాదు, సీరియల్ నంబరు. ప్రపంచంలో ఏ రెండింటికీ ఒకటి కాకూడదన్నది దాని నియమం.

ఈ నియమం బ్లూటూత్‌తో పుట్టినది కాదు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రకటించిన ఈథర్నెట్ నిర్దేశంలోనే 48 బిట్ల చిరునామా ఉంది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐ.బి.ఎం., తోషిబా, ఇంటెల్ సంస్థలు బ్లూటూత్ కోసం కూటమి కట్టినపుడు అదే పద్ధతిని స్వీకరించాయి. 48 బిట్లలో మొదటి సగాన్ని ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ ఒక్కొక్క తయారీదారుకు కేటాయిస్తుంది. మిగిలిన సగం, అనగా 24 బిట్లను, తయారీదారు తన కర్మాగారంలో ఒక్కొక్క వస్తువుకు వరుసగా ఇచ్చుకుంటూ పోవాలి. 24 బిట్లలో 1,67,77,216 సంఖ్యలు పడతాయి. అవి అయిపోతే ఇంకొక కేటాయింపు తీసుకోవచ్చు. మొత్తం మీద 281 లక్షల కోట్లకు పైగా చిరునామాలు సాధ్యం కనుక కరువు వచ్చి ఇద్దరికి ఒకటి పంచవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

మరి ఇద్దరికి ఒకటి ఎలా వచ్చింది? చిప్ తయారయ్యాక దాని చిన్న స్మృతి భాగంలో ఈ చిరునామాను రాయాలి. ప్రతి చిప్‌కూ ఒక అంకె పెంచుతూ రాయాలి. దానికి తయారీ వరుసలో ఒక యంత్రం, ఒక లెక్క, కొంత సమయం కావాలి. చవక నకళ్ళు చేసేవారు ఒక నమూనా డాంగిల్ స్మృతిని మొత్తంగా నకలు తీసి అన్నింటిలోనూ పోసేస్తారు. ఖాళీ దరఖాస్తుకు బదులు పూరించిన దరఖాస్తునే జిరాక్స్ తీసి పంచినట్టు, చిరునామా కూడా అందులో కలిసి వచ్చేస్తుంది. కేంబ్రిడ్జ్ సిలికాన్ రేడియో అనే బ్రిటిష్ సంస్థ, 2015లో క్వాల్‌కామ్ దాన్ని కొనుగోలు చేసింది, తయారుచేసిన చిప్‌లకు ఇటువంటి నకళ్ళ బెడద ఎక్కువ. వాటిని గుర్తుపట్టి తగు జాగ్రత్తలు తీసుకునే భాగమే లినక్స్‌లో ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది.

నకలు కాని చిప్‌లలో కూడా ఒక్కొక్కప్పుడు ఇది తటస్థిస్తుంది. చిప్ తయారీదారు తాత్కాలికంగా ఒక చిరునామా పెట్టి పంపుతాడు. దాన్ని తీసివేసి అసలు చిరునామా రాయవలసినది బోర్డు తయారుచేసేవాడు. అతడు ఆ పని మరచిపోతే అన్ని బోర్డులూ తాత్కాలిక చిరునామాతోనే అంగడికి వస్తాయి. 20702 ఎ0 అనే చిప్ యొక్క తాత్కాలిక చిరునామా 00:20:70:02:ఎ0:00. జాగ్రత్తగా చూడండి, చిప్ పేరునే చిరునామాగా రాసిపెట్టారు! పెళ్ళి శుభలేఖ మీద "శ్రీ ఫలానా గారికి" అని అచ్చులో ఉన్నదాన్ని అలాగే పోస్టు చేసినట్టుంది. లినక్స్ ఇటువంటి తెలిసిన తాత్కాలిక చిరునామాలను కొన్నింటిని గుర్తించి, సరైనది ఇచ్చేవరకు ఆ చిప్‌ను పనిలోకి దించదు. ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు.

ఇక ఆ సాయంత్రాల్లో గోడకు ఇరువైపులా జరిగినదేమిటో చూద్దాం. కీబోర్డు నిద్రలేచి తన జ్ఞాపకంలో ఉన్న చిరునామాను పిలుస్తుంది. ఆ పిలుపులో ఉండేది చిరునామా నుండి పుట్టిన సంకేతమే గాని ఇంటి యజమాని పేరు కాదు. డాంగిళ్ళు నిరంతరం వినవు. సాధారణంగా 1.28 సెకన్లకు ఒకసారి, సుమారు 11 మిల్లీసెకన్ల పాటు చెవి ఒగ్గుతాయి. ఒకే చిరునామా గల డాంగిళ్ళు రెండు అందుబాటులో ఉంటే, ఏది ముందుగా చెవి ఒగ్గితే అది "వస్తున్నా" అని పలుకుతుంది. అందుకే పదిసార్లలో నాలుగుసార్లు అమ్మాయి కంప్యూటరు పలికింది, మిగిలిన ఆరుసార్లు అబ్బాయిది పలికింది. మధ్యలో ఉన్నది తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. రేడియో తరంగాలకు అది పెద్ద అడ్డంకి కాదు.

పలికినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. రెండు బ్లూటూత్ పరికరాలను జత చేసినపుడు రెండూ కలిసి 128 బిట్ల రహస్య సంఖ్య ఒకటి కల్పించుకుని చెరొక చోట దాచుకుంటాయి. దాన్ని లింకు కీ అంటారు. తరువాత కలిసిన ప్రతిసారీ ఒకటి ఏదో ఒక సంఖ్యను ప్రశ్నగా పంపితే, రెండవది ఆ ప్రశ్ననూ తన రహస్య సంఖ్యనూ కలిపి లెక్కగట్టి జవాబు పంపుతుంది. జవాబు సరిపోతేనే సంబంధం కుదురుతుంది. రహస్య సంఖ్యను మాత్రం గాలిలోకి ఎప్పుడూ పంపరు.

ఈ రహస్య సంఖ్యలను ప్రతి పరికరమూ ఎదుటి వారి చిరునామా పేరిట భద్రపరుస్తుంది. కుర్రవాడు కీబోర్డును మొదట తన కంప్యూటరుతో జత చేశాడు గదా! అప్పుడు ఒక తాళంచెవి తయారైంది. పక్కింట్లో మళ్ళీ జత చేసినపుడు ఇంకొక తాళంచెవి తయారైంది. చిరునామా అదే కనుక కీబోర్డు ఇది పాత ఇల్లే, తాళం మార్చారు కాబోలు అనుకుని పాత తాళంచెవిని పారవేసి కొత్తదాన్ని ఆ స్థానంలో పెట్టుకుంది. కుర్రవాడి కంప్యూటరులో మాత్రం పాత తాళంచెవి అలాగే మిగిలిపోయింది. సాయంత్రం పూట కీబోర్డు వచ్చి అతని గడప తొక్కినపుడల్లా తాళం సరిపోయేది కాదు. కంప్యూటరు ఆ సంగతిని తన దినచర్యలో రాసుకునేది.

ఈ మాట చెప్పి ఆ ఈవెంట్ వ్యూయర్‌ను మళ్ళీ తెరిపించాను. చిరునామాలు చూసి కంగారుపడిన నిపుణుడు వాటి పక్కన ఉన్న వాక్యాన్ని చదవలేదు. 16వ నంబరు ఘటన కింద అక్కడ ఉన్న ఇంగ్లీషు వాక్యానికి అర్థం ఇది: ఈ కంప్యూటరు డాంగిల్‌కూ, ఫలానా చిరునామా గల పరికరానికీ మధ్య పరస్పర ధ్రువీకరణ విఫలమైంది. డజన్ల కొద్దీ ఉన్న నమోదులలో ప్రతి ఒక్కటీ ఒక వైఫల్యమే. కుర్రవాడు అక్షరాలు పట్టుకుంటున్నాడనడానికి సాక్ష్యంగా తెచ్చిన కాగితమే, ఒక్క అక్షరం కూడా ఆ కంప్యూటరులోకి వెళ్ళలేదనడానికి సాక్ష్యమైంది. తాళం సరిపోయి ఉంటే ఆ వాక్యమే అక్కడ ఉండేది కాదు.

అయినా మాటలతో ఒప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. మా ఇంటి నుండి వేరే తయారీ డాంగిల్ తెప్పించి కుర్రవాడి కంప్యూటరుకు పెట్టాను. స్పీకరును మాత్రం దానితో మళ్ళీ జత చేయవలసి వచ్చింది. పక్కింట్లో దేన్నీ ముట్టుకోలేదు. పాట మోగుతుండగా ఇవతల కీబోర్డును ఇరవైసార్లు నిద్రపుచ్చి లేపాం. ఇరవైసార్లూ లేచింది. తిరిగి పాత డాంగిల్ పెడితే మూడవసారికే మొరాయించింది. లోపాన్ని పోగొట్టడంతో పాటు, కోరినపుడు మళ్ళీ పుట్టించి చూపగలిగితేనే కారణం దొరికినట్టు లెక్క. స్టోర్సు మిత్రులు చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. ఆ లేఖలు రెండూ ఆయన జేబులోనే ఉన్నాయని నాకు తెలుసు. సోమవారం అవి ఆఫీసుకు రాలేదు. ఆ రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు మళ్ళీ మామూలు కావడానికి మాత్రం దసరా వరకు పట్టింది. కుర్రవాడు ఇప్పటికీ ఇతరుల కంప్యూటరు బాగుచేయమంటే కొంచెం వెనుకాడుతాడు. అది నాకు బాధగానే ఉంటుంది.

అదే వారంలో అబ్బాయితో కలిసి ఆ దుకాణానికి వెళ్ళాను. ఆ పెట్టెలోనే ఉన్న మరి మూడు డాంగిళ్ళను అక్కడి కంప్యూటరుకే గుచ్చి చూశాం. మూడింటికీ అదే చిరునామా. దుకాణదారుకు ఈ సంగతి బొత్తిగా తెలియదు. వేరే తయారీవి చూపించి, చిరునామా చూసుకున్నాకనే మార్చి ఇచ్చాడు.

మీ ఇంట్లో ఇటువంటి అనుమానం ఉంటే పైన చెప్పినట్టు డివైస్ మేనేజర్‌లో చూడవచ్చు. అక్కడ ఆ పుట కనిపించకపోతే, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్‌ఫిగ్ అని కొట్టి, ఒక ఖాళీ విడిచి, ఏటవాలు గీతను, దాని వెంటనే ఆల్ అనే మాటను కొట్టండి. బ్లూటూత్ నెట్‌వర్క్ కనెక్షన్ అన్న చోట ఫిజికల్ అడ్రస్‌గా కనిపించేది అదే. లినక్స్ వాడేవారు బ్లూటూత్‌సిటిఎల్ అనే ఆజ్ఞ తరువాత లిస్ట్ అని కొడితే కంట్రోలర్ పక్కన వస్తుంది. సున్నాలు, ఒకట్లు మాత్రమే ఉన్న చిరునామా కనిపిస్తే రెండవ డాంగిల్‌తో పోల్చనక్కరలేదు, అది అనుమానించదగినదే.

అయితే ప్రతి తికమకకూ ఇదే కారణం అనుకోవద్దు. రెండు పరికరాల పేర్లు ఒకటిగా ఉండటం తప్పు కాదు. మన హాజరు పట్టీలో ఒకే పేరు గలవారు ఎందరు లేరు? అలాగే సెల్‌ఫోన్లు, చేతి గడియారాలు వంటివి కొత్త తరహా బ్లూటూత్‌లో తమ గోప్యత కోసం కొంత కొంత సమయానికి చిరునామాను తామే మార్చుకుంటూ ఉంటాయి. అది లోపం కాదు, ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు. ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవారికి ఇంకొక చిక్కు ఉంది. డాంగిల్ ఒకటే, చిరునామా ఒకటే, కాని తాళంచెవులు రెండు. ఒకదానిలో జత చేస్తే రెండవదానిలో తెగిపోతుంది. పైన చెప్పిన కథే ఇక్కడ ఒకే ఇంట్లో జరుగుతుంది. డాంగిల్‌ను మార్చినా ఇది పోదు. ఒక వ్యవస్థలోని లింకు కీని రెండవదానిలోకి ఎక్కించుకోవాలి. ఆ పని కొంచెం నేర్పుతో కూడినది.

చిరునామాను మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కదా అని కొందరు యువ మిత్రులు అడుగుతారు. ఉన్నాయి. కొన్ని అసలైన చిప్‌లలో మార్పు నిలుస్తుంది. నకలు చిప్‌లు చాలావరకు ఆజ్ఞను విన్నట్టే నటించి పాత చిరునామాతోనే లేస్తాయి. మరికొన్నింటిలో డాంగిల్ ఊడదీసి పెడితే మార్పు పోతుంది. పైగా ఏదో ఒక సంఖ్యను తోచినట్టు పెడితే అది ఇంకెవరిదైనా కావచ్చు. మూడు వందల రూపాయల వస్తువు కోసం ఇంత శ్రమ అనవసరమని నా అభిప్రాయం. తిరిగి ఇచ్చి వేరేది తెచ్చుకోండి. అది కుదిరేవరకు రెండవ కంప్యూటరులో బ్లూటూత్ ఆపి ఉంచండి.

ఈ జబ్బు కొత్తది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కోయాక్సియల్ తీగల మీద నెట్‌వర్కు నడిచే రోజుల్లో, మా విభాగానికి వచ్చిన రెండు చవక నెట్‌వర్కు కార్డులకు ఒకే చిరునామా ఉండేది. కారణం తెలియక నేను తీగలు, టెర్మినేటర్లు, కనెక్టర్లు అన్నీ మార్చాను. వారం రోజులు పోయాయి. అందుచేత ఇళ్ళలో ఒకటీ అరా కొనేవారి కంటే, డజన్లలో కొనే మన కార్యాలయాలకే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. మన కొనుగోలు పత్రాల్లో డాంగిల్ వేగం, దూరం, వారంటీ అన్నీ ఉంటాయి గాని ప్రతి ఒక్కదానికీ వేరు చిరునామా ఉండాలన్న వాక్యం ఉండదు. ఆ వాక్యం ఒకటి చేర్చి, సరుకు వచ్చినపుడు చిరునామాలు చూసి రసీదు ఇస్తే చాలు. స్టోర్సులోని ఆ మిత్రులే ఇప్పుడు తమ తనిఖీ రిజిస్టరులో దీనికొక గడి గీసుకున్నారు.

శిక్షణ కేంద్రపు మిత్రులకు ఈ విషయమంతా ఫోనులో చెప్పి, ఆ సరఫరాలో వచ్చిన డాంగిళ్ళన్నింటి చిరునామాలూ పంపమన్నాను. మొత్తం పన్నెండు. వాటిలో తొమ్మిదింటికి చిరునామా ఒకటే, మిగిలిన మూడింటివి వేరువేరు. ఆ మూడింటినీ మూడు కంప్యూటర్లకు అమర్చి, తొమ్మిదిలో ఒకదాన్ని నాలుగవ కంప్యూటరుకు ఉంచుకోమన్నాను. ఒంటరిగా ఉన్నంతకాలం దానికి ఏ లోపమూ లేదు. మిగిలిన ఎనిమిదీ సరఫరాదారుకు తిరిగి వెళుతున్నాయి.